టాపు తీస్తే పల్నాటి ఎండ

రొంపిచెర్ల, నరసరావుపేట వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డవాళ్లలో కొందరికి నలభై దాటాక ఒక సరదా పట్టుకుంటుంది. ఇల్లు కొన్నారు, పిల్లలు పెద్ద తరగతులకొచ్చారు, గ్యారేజీలో ఒక కారు పట్టేంత చోటు మిగిలింది. అప్పుడు కళ్లు పాత టాపులేని కార్ల మీదికి పోతాయి. అక్కడ మధ్యతరగతి ఉద్యోగి కూడా ధైర్యం చేయగల ఇటలీ బండ్లలో ముందు కనిపించేది ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్. కొని కొన్నాళ్లు నడిపాక ఇంకో కోరిక పుడుతుంది. దీన్ని ఊరికి పట్టుకెళ్తే ఎలా ఉంటుంది? ఊళ్లో తాతగారి ఫియట్ ఎలాగూ గడ్డివాము పక్కన రేకుల షెడ్డులో పడి ఉంది. అదీ బాగుచేయించి, రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే?

ఈ రెండు కోరికల్నీ ఒకే గాటన కట్టేస్తారు చాలామంది. మెచ్చుకునేవాళ్లు రెంటినీ మెచ్చుకుంటారు, తిట్టేవాళ్లు రెంటినీ డొక్కు కార్ల పిచ్చి అంటారు. నాకు మాత్రం స్పైడర్‌ని పల్నాటికి తేవడం ఒక లెక్క, ఊళ్లో ఉన్న ఫియట్‌ని మళ్లీ రోడ్డెక్కించడం వేరే లెక్క.

రెండూ ఒకే ఇంటి బిడ్డలన్నది నిజమే. స్పైడర్‌ని 1966లో ట్యూరిన్ మోటార్ షోలో చూపించారు. బొమ్మ గీసింది పినిన్‌ఫరీనాలో పనిచేస్తున్న టామ్ జార్డా అనే అమెరికన్. ఇంజను తీర్చింది ఒకప్పుడు ఫెరారీకి పెద్ద ఇంజన్లు చేసిపెట్టిన ఆరేలియో లాంప్రెది. పైన రెండు కామ్ షాఫ్టులు, వాటిని తిప్పడానికి గొలుసుకి బదులు పళ్లున్న రబ్బరు బెల్టు. ఆ రోజులకి అది సాహసమే. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, ఐదు గేర్లు, డ్రైవరు సీట్లోంచి లేవకుండానే వెనక్కి మడిచేయగలిగిన గుడ్డ టాపు. 1985 దాకా దాదాపు రెండు లక్షలు తయారైతే, ఎక్కువ భాగం అమెరికాలోనే అమ్ముడయ్యాయి. అందుకే మనవాళ్లకి అక్కడ తేలిగ్గా దొరుకుతున్నాయి.

స్పైడర్‌కి పునాది అయిన 124 సెడాన్ 1967లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా బహుమతి కొట్టింది. అదే సెడాన్ ఒళ్లు 1980ల నడిమిలో నిస్సాన్ ఇంజను పెట్టుకుని మన దేశంలో ప్రీమియర్ 118 ఎన్‌ఈ అయింది. డాక్టర్లూ కాంట్రాక్టర్లూ తిరిగిన ఆ పెట్టెలాంటి కారు అమెరికాలో టాపు తీసుకుని తిరిగే స్పైడర్‌కి వరసకి అన్న అంటే మొదట ఎవరూ నమ్మరు. ఇక గడ్డివాము పక్కనున్న బండి వాళ్లిద్దరికంటే పెద్దది. ఫియట్ 1100. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లా కార్ఖానాలో 1954 నుంచి దాన్ని కట్టింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ కింద హ్యాండు గేరు, ముందు ముగ్గురు కూర్చోగలిగిన పొడుగాటి సీటు. సెలెక్ట్, సూపర్ సెలెక్ట్, డిలైట్ అని పేర్లు మారుతూ 1974లో ప్రీమియర్ పద్మిని దగ్గర ఆగింది. ఆ శతాబ్దం చివరిదాకా అదే బండి. ప్రధానిగా ఉండి లాల్ బహదూర్ శాస్త్రి బ్యాంకులో ఐదువేలు అప్పుచేసి కొన్నది ఈ ఫియట్‌నే. ఆయన పోయాక ఆ బాకీని లలితా శాస్త్రి తన పెన్షన్‌తో తీర్చారు. మన జిల్లాల్లో ఒక ఇంటి ముందు ఫియట్ ఆగి ఉందంటే, దాని వెనక ఎంత ఎదురుచూపు ఉండేదో ఆ కాలంవాళ్లకి చెప్పనక్కర్లేదు.

ముందు స్పైడర్ సంగతి చూద్దాం. పల్నాడులో టాపులేని కారంటే మొదట అడ్డొచ్చేది చట్టమో డబ్బో కాదు, ఎండ. వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ వేడి ఎక్కడ అనగానే పత్రికల్లో పడే పేరు రెంటచింతల. అదీ మా జిల్లానే. 45 డిగ్రీలు అక్కడ వింత కాదు. ట్యూరిన్‌లో జులై మధ్యాహ్నం సగటున 30 దాటదు. ఆ ఊరివాళ్లు తమ ఎండ కోసం గీసుకున్న కారు ఇది. నల్ల రెక్సిన్ సీటు మన మే నెలలో పది నిమిషాలు ఎండలో ఉంటే కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. మెరిసే క్రోమ్ మీద చెయ్యి పెడితే అట్లపెనం మీద పెట్టినట్టే. నెత్తిన తువ్వాలు చుట్టుకుని స్పోర్ట్స్ కారు నడపడంలో తప్పేం లేదు గానీ, పినిన్‌ఫరీనా వారు ఊహించిన అందం అది కాదు.

ఎండ తర్వాత దుమ్ము. ఇక్కడ దుమ్ములో కూడా రకాలున్నాయి. పిడుగురాళ్ల వైపు వెళ్తే సున్నం బట్టీల తెల్ల పొడి. కాల్చిన సున్నానికి తడి తగిలితే కొరికే గుణం వస్తుంది. రాత్రి మంచులో తడిసిన ఆ పొడిని పొద్దున్నే పొడిగుడ్డతో తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి, తుడవకపోతే మచ్చలు పడతాయి. నీళ్లు ధారగా పోసి కడగాలి. పత్తి రోజుల్లో లోడు ట్రాక్టరు వెనక పడితే గాల్లో తేలే దూది రేడియేటర్ జాలీలో ఇరుక్కుంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కల్లాలు. గుంటూరు యార్డుకి బస్తాలేసుకుని పోయే లారీ వెనక టాపు తీసి నాలుగు కిలోమీటర్లు నడిపిచూస్తే ఆ ఘాటు కళ్లకీ గొంతుకీ పూర్తిగా తెలిసొస్తుంది. అద్దాలెత్తుకుని ఏసీ వేసుకున్నవాడికి అది పక్క పొలం వాసన మాత్రమే.

అయితే రెండోవైపు కూడా చెప్పాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి దాకా, తెల్లవారి ఎనిమిది లోపు, సాగర్ కుడి కాలువ నీళ్లు పారే పొలాల మధ్య టాపు తీసుకుని వెళ్లడంలో ఉన్న సుఖం ఏ కొత్త కారులోనూ లేదు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ చిన్న ఇంజను గొంతు పెంచుకుంటూ ఎక్కుతుంటే, గేరు మార్చడమే ఒక పని అని తెలుస్తుంది. కొత్త కార్లు డ్రైవరుకి పని తగ్గించాయి, దాంతో సరదా కూడా కొంత తగ్గింది. ఆ మాటకొస్తే టాపులేని ప్రయాణం పల్నాడులో ఎవరికీ కొత్త కాదు. ట్రాక్టరు తొట్టిలో పెళ్లికి వెళ్లినవాళ్లం, బండి మీద ముగ్గురం ఎక్కి నరసరావుపేటలో సెకండ్ షో చూసొచ్చినవాళ్లం. కష్టపడి నెత్తిమీదికి ఒక టాపు తెచ్చుకున్నాక దాన్ని డబ్బిచ్చి తీయించుకోవడం చూసి ఊళ్లో పెద్దవాళ్లు నవ్వితే ఆ నవ్వులో న్యాయం ఉంది.

కానీ ఏడాదికి ఆ మూడు నెలల పొద్దుటిపూటల కోసం బండిని ఓడెక్కించి తేవడం వేరు. 124 స్పైడర్‌ని ఫియట్ ఎప్పుడూ కుడివైపు స్టీరింగ్‌తో కట్టలేదు. అన్నీ ఎడమ చేతి బండ్లే. మన దేశంలోకి వాడిన కారు తేవాలంటే ఉన్న సాధారణ షరతుల్లో కుడి స్టీరింగ్ ఒకటి. పాత కార్లకి ఇచ్చే మినహాయింపు చాలాకాలం 1950కి ముందు తయారైన వాటికే ఉండేది, ఈమధ్యే ఆ గీతని యాభై ఏళ్లకి జరిపారు. అలా ఒకటి అర్హత సంపాదించినా, సుంకాలన్నీ కలిపితే బండి ఖరీదుని మించిపోతాయి. దిగుమతి చేసుకున్న కారుకి ఇరవై ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 80,000 రూపాయలు. ఇవన్నీ కట్టగలిగినవాడు ఉన్నాడే అనుకుందాం. రొంపిచెర్ల నుంచి నరసరావుపేట రోడ్డులో పత్తి బేళ్ల లారీ ముందు పోతోంది. ఎడమవైపు కూర్చున్న డ్రైవరుకి కనిపించేది లారీ వెనక చక్రం, రోడ్డు మార్జిన్, గేదెలు. ఎదురుగా బస్సు వస్తోందో లేదో తెలియాలంటే కారు సగం అవతలి వరసలోకి వెళ్లాలి. పక్క సీట్లో కూర్చున్న భార్య "ఇప్పుడు పోవచ్చు" అంటే పోవాలి. దాంపత్యానికి అంత పరీక్ష అక్కర్లేదు.

బాగుచేయడం సంగతి ఇంకా ముఖ్యం. స్పైడర్‌కి రెండు జబ్బులు. ఒకటి ఆ రబ్బరు బెల్టు. పాతబడినా, బిగువు తప్పినా, కొన్ని రకం ఇంజన్లలో అది తెగిన క్షణాన వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. హెడ్డు విప్పి లేత్ షాపుకి పరిగెత్తాలి. కిలోమీటర్లు తిరక్కపోయినా ఏళ్లు లెక్కబెట్టి మార్చాల్సిన సరుకది. మనదగ్గర మాత్రం "తిరగలేదు కదా, ఎందుకు మార్చడం" అంటారు. రెండోది తుప్పు. ముందు షాక్ అబ్సార్బర్ల పైన ఉండే గూళ్లు, తలుపుల కింద పట్టీలు, డిక్కీ అడుగు భాగం. టాపులేని కారుకి పైన ఇనుము లేదు కాబట్టి బలమంతా కిందనే ఉండాలి. తలుపు కింది పట్టీ కుళ్లిందంటే ఇంటికి దూలం చెదపట్టినట్టే. పైన మెరిసే రంగు చూసి కొన్నవాడు ఆరునెలల్లో వెల్డింగ్ షెడ్డులో తేలతాడు.

అమెరికాలో దీనికి మందుంది. స్పైడర్లకి కావలసిన బెల్టు నుంచి టాపు గుడ్డ దాకా అమ్మేవాళ్లు ఉన్నారు, ఇంటికే వస్తాయి. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే పాత కార్లకి ధర ముందే ఒప్పుకుని చేసే ఇన్సూరెన్సు ఉంది. ఇక్కడ? ఇక్కడి బలం వేరు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక విరిగిన ముక్క చేతిలో పెడితే సాయంత్రానికి అలాంటిదే లేత్ మీద తిప్పి ఇచ్చేవాడు దొరుకుతాడు. బుష్షు, పిన్ను, షాఫ్టు వాళ్లకి లెక్కలోవి కావు. కానీ ఎప్పుడూ చూడని ఇంజనుకి బెల్టు గుర్తులు కలపడం, జంట వెబర్ కార్బరేటర్లని ఒకదానితో ఒకటి పొందించడం చేతి బలంతో వచ్చేవి కావు, అలవాటుతో వచ్చేవి. జిల్లా మొత్తానికి ఒకే స్పైడర్ ఉంటే ఆ అలవాటు ఎవరికి, ఎక్కడ పడుతుంది?

ఈ ప్రశ్నకే ఫియట్ 1100 దగ్గర వేరే జవాబు వస్తుంది. ఆ బండిని విప్పి బిగించిన చేతులు నరసరావుపేటలోనూ గుంటూరులోనూ ఇంకా ఉన్నాయి. అరవై దాటిన మేస్త్రీలు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని బానెట్ ఎత్తేవాళ్లు. పనిచేసేటప్పుడు వాళ్లని చూడాలి. బండి స్టార్ట్ కావట్లేదంటే కంప్యూటర్ తగిలించరు. డిస్ట్రిబ్యూటర్ మూత క్లిప్పులు రెండూ వేలితో లాగేసి మూత పక్కకి వేలాడదీస్తారు. రోటార్ పీకి జేబులో వేసుకుంటారు. కింద రెండు పాయింట్లు నల్లబడి కనిపిస్తాయి. ఎమెరీ పేపరు ముక్క మడిచి రెంటి మధ్యా పెట్టి నాలుగుసార్లు లాగితే లోహం తెల్లబడుతుంది. ఇంజన్ని చేత్తో కొంచెం తిప్పి, కామ్ మెట్ట పాయింటుని ఎత్తినచోట ఆపి, సందులో అర మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ ఖాళీ చూస్తారు. ఫీలర్ గేజీ ఉంటే దానితో, లేకపోతే దళసరి విజిటింగ్ కార్డుతో. స్క్రూ బిగించి, మళ్లీ ఒకసారి చూసి, మూత వేసి "కొట్టండి సెల్ఫు" అంటారు. ఆ మొత్తం పని టీ చల్లారేలోపు అయిపోతుంది. లోపలున్నది పైకి కనబడే యంత్రం కాబట్టే అది సాధ్యం.

వేసవి జబ్బుకి మందు ఇంకా తేలిక. ఇంజను పక్కనే ఉండే పెట్రోలు పంపు బాగా కాగి, లోపల పెట్రోలు ఆవిరైపోయి, బండి నడిరోడ్డున ఆగిపోతుంది. పాత డ్రైవర్లు సీటు కింద ఒక గుడ్డ, ఒక నీళ్ల సీసా పెట్టుకునేవాళ్లు. గుడ్డ తడిపి పంపు మీద వేసి, చెట్టు నీడన కాసేపు కూర్చుని, మళ్లీ కొడితే అందుకునేది. ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన లక్షణమా, లోపమా? లోపమే. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజున తడిగుడ్డ వైద్యం చేస్తూ కూర్చోలేం. పాత ఫియట్‌ని ఇంటికున్న ఒకే ఒక కారుగా పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. పక్కన నమ్మకమైన బండి ఇంకొకటి ఉన్నవాడికే ఇది.

స్పేర్ల విషయంలోనూ పూర్తిగా ధీమా పడటానికి లేదు. ఈ బండికి ఇన్నేళ్లూ స్పేర్లు దొరకడానికి పెద్ద ఆసరా బొంబాయి టాక్సీలు. వేల టాక్సీలు రోజూ తిరుగుతుంటే క్లచ్ ప్లేటూ కింగ్ పిన్నూ చేసేవాడికి గిట్టుబాటు అయ్యేది. ఇరవై ఏళ్ల గడువు నిండి, 2023 అక్టోబరు చివర్లో ఆ నగరంలో నమోదైన ఆఖరి పద్మిని టాక్సీ కూడా పక్కకి తప్పుకుంది. టాక్సీలు పోయాక మిగిలింది మనలాంటి సరదారాయుళ్లే. సరదారాయుళ్లు ఏడాదికొక బుష్షు కొంటారు, వాళ్ల కోసం ఎవరూ కార్ఖానా నడపరు. కాబట్టి ఇప్పుడు ఫియట్ బాగుచేయించుకునేవాడు గ్యాస్కెట్లు, బ్రేకు వాషర్లు, నీళ్ల పంపు కిట్టు రెండేసి కొనిపెట్టుకోవాలి. అలా కొని అటక మీద పెట్టినవి రబ్బరైతే అవీ ఎండిపోతాయనుకోండి, అది వేరే బాధ.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. యాభై ఏళ్లనాటి రబ్బరు పైపులు, పంపు లోపలి పొర దీనికి మెత్తబడి పగులుతాయి. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, నిలవ ఉన్న ట్యాంకులో నీరు అడుక్కి చేరి తుప్పు మొదలవుతుంది. ఇందులో మొదటిదానికి కొత్తరకం పైపులు వేయిస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చు కాదు. రెండోదానికి మందు ఒక్కటే, బండిని తిప్పడం. పాత కారుని పాడుచేసేది వాడకం కంటే ఎక్కువగా నిలవ ఉండటమే. నాలుగు నెలలు కదలకపోతే బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, బ్యాటరీ చస్తుంది, ఎలుకలు వైరింగు మీద పడతాయి. గింజలూ గడ్డీ ఉన్న కొట్టం పక్కనైతే ఇక చెప్పక్కర్లేదు. సంక్రాంతికొకసారి అమెరికా నుంచి వచ్చి కవరు తీసి ఫొటో దిగే యజమాని, ఆ కారుని ప్రేమిస్తున్నానని ఎంత చెప్పినా, దాన్ని నెమ్మదిగా చంపుతున్నాడు.

ఇంతకీ ఎందుకీ తాపత్రయం అని అడిగేవాళ్లకి జవాబు చెప్పాలి కదా. ఒంగోలు గిత్తల జతని చూపిస్తాను. మా వైపు బండలాగుడు పందేలకి మేపే జతలు పొలం దున్నవు. ఉలవలు, బెల్లం, నూనె మాలీషు, ఒక పాలేరు పూర్తికాలం జీతం, పందెం ఎక్కడుంటే అక్కడికి లారీ. పాలపళ్ల నుంచి సీనియర్స్ దాకా విభాగాలు, నిమిషాల లెక్కన లాగిన దూరం, గెలిస్తే వచ్చే బహుమతి మేత ఖర్చుకి మూలకి కూడా రాదు. అయినా ఆ రైతుని పిచ్చోడని ఎవరూ అనరు. ఊరికి పేరు తెచ్చాడంటారు. ఉపయోగం లేని మంచి వస్తువుని ఖర్చుపెట్టి కాపాడుకోవడం పల్నాటికి పరాయి గుణం కాదు, కార్ల దగ్గరే మనకి పీనాసితనం గుర్తొస్తుంది.

ఈ పోలిక ఎంతదూరం నిలబడుతుందో కూడా చూడాలి. గిత్తల వల్ల ఒక జాతి నిలబడుతుంది, మంచి ఎద్దు దూడల్లో బతుకుతుంది. కారుకి దూడలు పుట్టవు. గిత్తల రైతు పొద్దున లేచి కొట్టంలోకి వెళ్తాడు, ఆ శ్రమ ఆయనదే. కారు యజమానుల్లో చాలామంది శ్రమని మేస్త్రీకి అప్పగించి పేరు తాము ఉంచుకుంటారు. పందెపు బరి ఊరందరిదీ, కారు ఒక ఇంటిది. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, ఒక పాత యంత్రాన్ని నడిచే స్థితిలో ఉంచడం వల్ల ఒక పనితనం బతుకుతుందన్నది మాత్రం కొట్టిపారేయలేం. పాయింట్లు పెట్టడం తెలిసిన మేస్త్రీ పక్కన ఒక కుర్రాడు నిలబడి చూడాలంటే ముందు పాయింట్లున్న బండి ఒకటి షెడ్డుకి రావాలి.

ఎదుటివాళ్ల వాదనలో నాకు అన్నిటికంటే బరువైనది ప్రాణభయం. ఫియట్ 1100కి ఎయిర్ బ్యాగు లేదు, పాతవాటికి సీటు బెల్టే లేదు. స్టీరింగ్ కడ్డీ గుద్దుకుంటే మడతపడే రకం కాదు, నేరుగా ఛాతీకి ఎదురుగా నిలబడుతుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, వానలో తడిస్తే ఒకవైపు లాగుతాయి. ఆ కారు పుట్టిన రోజుల్లో దాని పక్కన తిరిగినవి ఎద్దుబండ్లు, ఆర్టీసీ ఎర్రబస్సులు. ఇప్పుడు నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారి మీద సిమెంటు లారీలు, వాటిని దాటే కార్లు నూరు దగ్గర పోతున్నాయి. అక్కడ అరవైలో వెళ్లే ఫియట్ తనకీ ఎదుటివాళ్లకీ ప్రమాదమే. టాపులేని స్పైడర్ అయితే పల్టీ కొట్టినప్పుడు ముందు అద్దం ఫ్రేము తప్ప ఆసరా లేదు. పొగ సంగతి కూడా దాచక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 కార్లతో పోలిస్తే కార్బరేటర్ బండి కిలోమీటరుకి వదిలే మురికి చాలా ఎక్కువ. ఏడాదికి కొద్ది దూరమే తిరుగుతుంది కదా అనేది సగం జవాబే. ఆదివారం పొద్దున ఊరి రోడ్డు మీద తిప్పితే ఆ వాదన చెల్లుతుంది, రోజూ పేటకి పోయొస్తే చెల్లదు.

ప్రభుత్వం ఈ విషయంలో ఎటు నిలబడిందో స్పష్టంగా లేదు. ఇటలీలో ముప్ఫై ఏళ్లు దాటిన కారుకి ఏటా కట్టే బండి పన్ను మాఫీ. బ్రిటన్‌లో నలభై దాటితే పన్నూ లేదు, ఏటా తప్పనిసరి తనిఖీ కూడా లేదు. ఇక్కడ వయసుతోపాటు ఫీజు పెరుగుతుంది. పదిహేనేళ్లు దాటిన కారుకి రెన్యువల్ ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై దాటినదానికి 2025 ఆగస్టు నుంచి 10,000. పైన గ్రీన్ ట్యాక్సు. పొగబండ్లని తగ్గించాలన్న ఉద్దేశం తప్పు కాదు. కానీ గేదెల పాక పక్కన ఒద్దికగా ఉన్న ఒక ఫియట్‌నీ, ఓవర్‌లోడుతో నల్లపొగ కక్కే పాత లారీనీ వయసు ఒక్కటే చూసి కొలవడం నాకు నచ్చదు.

2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని వ్యక్తిగత వాహనానికి 20,000 కట్టి పదేళ్ల రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, తర్వాత 5,000తో పొడిగించుకోవచ్చు. కొత్తగా నమోదయ్యేవాటికి నెంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ముందే నెంబరున్నవి తమ పాత నెంబరే ఉంచుకోవచ్చు. వినడానికి బాగుంది. మెలిక ఏమిటంటే ఆ బండిని మామూలుగా రోడ్డు మీద వాడకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనలకి వెళ్లేవాళ్లకి అది సరిపోతుంది. రొంపిచెర్లలో ఉండి ఆదివారం అత్తగారిని పేటలో దింపి వద్దామనుకునేవాడికి అది సంకెల. నేనైతే ఐదేళ్లకోసారి ఆ పదివేలూ కట్టి మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంచుకోమంటాను. కారుని పనికి దూరం చేస్తే అది ఇంట్లో ఒక బీరువా అయి కూర్చుంటుంది.

ఇక తూకం దగ్గరికి. స్పైడర్ విషయంలో నాకు పెద్ద సందేహం లేదు. అది ఎక్కడ దొరికిందో అక్కడే ఉండాలి, అక్కడే నడవాలి. దాని స్పేర్లూ, దాన్ని ఎరిగిన చేతులూ, దానికి తగిన చల్లని సాయంత్రాలూ అక్కడే ఉన్నాయి. పల్నాటికి తెస్తే సగం ఏడాది కవరు కింద, మిగతా సగం మేస్త్రీ కోసం ఎదురుచూస్తూ గడుపుతుంది. అక్కడివాడు అక్కడ కొనుక్కుంటే, తలుపు కింది పట్టీలు వేలితో నొక్కి చూసుకుని, బెల్టు వెంటనే మార్పించుకుని హాయిగా తిరగొచ్చు. డబ్బు దండగ అనే పెద్దల మాట అక్కడికి వర్తించదు, వారం పొడుగునా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి శనివారం చేతికి గ్రీజు అంటడం ఒక విధమైన ఆరోగ్యమే.

తాతగారి ఫియట్ దగ్గర మాత్రం తూకం ఇంటిని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఊళ్లో ఉండేవాళ్లలో ఎవరో ఒకరు వారానికొకసారి తీసి నాలుగైదు ఊళ్లు తిప్పాలి. తమ్ముడో, బావమరిదో, పదవీ విరమణ చేసిన బాబాయో. అలాంటి మనిషి లేకపోతే, బండి నడుస్తున్నప్పుడే దాన్ని చూసుకునేవాడికి ఇచ్చేయడం మంచిది. దీన్ని చాలామంది ఒప్పుకోరు. తాత గుర్తు అంటారు, ఆ పాత నెంబరు అంటారు. కానీ ఆయన పోయాక ఆ బండి బాధ్యత ఎవరి మీద పడుతుందో చూడండి. ఎప్పుడూ స్టీరింగ్ పట్టని నానమ్మ ఇన్సూరెన్సు కాగితాలూ ఆర్సీ బదిలీ పట్టుకుని ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. సరదా ఒకరిది, చాకిరీ ఒకరిది అయినచోట ఆ కారుని ఇంటి గౌరవం అనడం నాకు ఒప్పదు.

ఉంచుకుందామని నిర్ణయించుకున్నవాళ్లకి మిగిలేది ఎంతవరకు మార్చొచ్చు అన్న పంచాయితీ. ఏసీ పెట్టిస్తామంటారు, హ్యాండు గేరు తీసి ఫ్లోరు గేరు వేయిస్తామంటారు, ఏకంగా వేరే కంపెనీ ఇంజను దింపుతామంటారు. ఇంజను మారిస్తే ఆర్టీవో దగ్గర అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించాలి, అలా చేయకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్లు అదే పట్టుకుంటారు. చట్టం పక్కన పెట్టినా, 1089 సీసీ ఇంజను తీసేసిన ఫియట్‌లో మిగిలేది రేకు మాత్రమే. అదే సమయంలో అంతా కుర్లాలో ఎలా వచ్చిందో అలాగే ఉండాలని పట్టుబట్టేవాళ్లతోనూ నేను ఏకీభవించను. పెట్రోలు పైపులు కొత్తరకం వేయించాలి, హెడ్‌లైట్లకి రిలే పెట్టించాలి, ముందు సీట్లకి బెల్టులు తప్పకుండా ఉండాలి. బెల్టు పని మాత్రం ఆఖర్న పెట్టుకోవాలి. దాని బోల్టు దిగేది ఫ్లోరులోకి. మ్యాట్ లేపి, కింద తారు పొర గీకి, సుత్తితో మెల్లగా తట్టి చూస్తే మంచి రేకు గంటలా పలుకుతుంది, కుళ్లినది అట్టముక్కలా మోగుతుంది. అట్టలా మోగినచోట బెల్టు బిగించి లాభం లేదు. ముందు అక్కడ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించి, తుప్పు ఆపే రంగు పూయించి, ఆ తర్వాత బోల్టు దింపించాలి. ఈ పనికి నరసరావుపేట షెడ్డు చాలు, హైదరాబాదు దాకా పోనక్కర్లేదు.